చలిగదిలో ఒప్పుకోలు

టెక్సాస్ జైల్లో నన్ను దుప్పటి కూడా ఇవ్వకుండా చలిగదిలో పడేశారు. చెయ్యని దొంగతనం ఒప్పుకునేదాకా బయటికి తియ్యొద్దన్నది ప్రాసిక్యూటర్ ప్రూయిట్ హుకుం. పళ్లు టకటకా కొట్టుకుంటుంటే చివరికి తలూపాను.

కోర్టు గుమ్మంలో మా లాయరు నా చెవిలో గొణిగాడు. "ఎలిసెయో, ఎవరైనా బలవంతపెట్టారా అని జడ్జి అడుగుతాడు. లేదను. అందరూ అదే అంటారు. రేపే మీ దేశానికి, హోండురాస్‌కి, విమానం ఎక్కేస్తావు."

జడ్జి తలెత్తకుండానే అడిగాడు.

"బలవంతపెట్టారయ్యా," అన్నాను. లాయరు నా చొక్కా పట్టి లాగాడు. "అదిగో, కోటేసుకుని కూర్చున్నారే ప్రూయిట్‌గారు, ఆయనే. ఒక్క రాత్రి ఆయన్ని దుప్పటి లేకుండా ఆ గదిలో పడెయ్యండి. తెల్లారేసరికి ఆ దొంగతనం తానే చేశానని ఒప్పుకుంటాడు."

జడ్జి తలెత్తాడు. ప్రూయిట్ కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు.