స్క్రూలు లేని పంపు

వరదానం పాత ల్యాండ్‌మాస్టర్ టాక్సీని అమ్మేసి ఎర్ర రంగు చిన్న కారు కొన్న ఏడు, నర్సీపట్నం టాక్సీ స్టాండులో అలాంటిది ఇంకొకటి లేదు.

పాత బండి ఉన్నన్నాళ్లూ వారం తిరిగేసరికి అది మెకానిక్ దేవుళ్లు షెడ్డులో ఉండేది. జబ్బున్నా లేకపోయినా దేవుళ్లు బానెట్ ఎత్తేవాడు. ఒకే ఈడువాళ్లయిన ఇద్దరూ అందులోకి తలలు దూర్చి ఊళ్లో కబుర్లన్నీ చెప్పుకునేవారు. ఏది పాడైనా విప్పడం, తుడవడం, బిగించడం. ఖర్చల్లా రెండు టీలు, ఓ బీడీ కట్ట.

కొత్త కారుకి ఆ అవసరం లేకపోయింది. కంపెనీ వాళ్లు తప్ప ఎవరూ చెయ్యి పెట్టకూడదన్నారు.

ఎనభయ్యారు వేసవిలో గొలుగొండ నుంచి వస్తూంటే అది దారిలో ఆగిపోయింది. ఎడ్లబండికి కట్టి లాగించి షెడ్డు ముందు పెట్టాడు వరదానం.

"ఏట్రా, రాజుగారి గుర్రానికి కాలిరిగిందా?" అన్నాడు దేవుళ్లు లేచొస్తూ.

"ఎటకారాలు తరవాత. బేగి సూడు. రేపు మాకవరపాలెం పెళ్లి ఒప్పుకున్నాను."

దేవుళ్లు ఇంజనుకి పెట్రోలు అందించే పంపు ఊడదీసి అటూ ఇటూ తిప్పాడు. పాత బండి పంపుకి చుట్టూ స్క్రూలుండేవి. విప్పి లోపలి రబ్బరు పొర మారిస్తే సరిపోయేది. దీనికి స్క్రూ అన్నదే లేదు. రేకు అంచు మడిచి నొక్కేశారు.

"ఇది ఇప్పడానికి సేసింది కాదురా. పారేసి కొత్తది ఎయ్యాలి. వైజాగ్ పట్టుకుపో."

"రేపు పెళ్లంటే వైజాగంటావేటి? ఇన్నేళ్లు నా బండి మీద సెయ్యేసినోడివి, రేకుముక్కకి భయమా?"

"భయం కాదు. తెల్దు."

"తెల్దని సెప్పడానికి సిగ్గు లేదేటి?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. దేవుళ్లు ఉలి తీశాడు. అంచు లేచింది. పొర చిరిగింది. లేచిన అంచు మళ్లీ కూర్చోలేదు.

పెళ్లికి వేరే టాక్సీ వెళ్లింది. వీళ్లిద్దరూ పంపుని గుడ్డలో చుట్టుకుని విశాఖపట్నం బస్సెక్కారు. సర్వీసు షాపులో తెల్ల చొక్కా ఆయన దాన్ని చూసి, "గ్యారంటీలో ఊరికే మార్చేవాళ్లమండి. ఇలా చీల్చిందెవరు?" అన్నాడు.

దేవుళ్లు పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఎవడో ఊళ్లో మేస్త్రీనండి. నాను లేనప్పుడు ఇప్పీసినాడు," అన్నాడు వరదానం.

"ఎవరు విప్పినా ఒకటేనండి. పంపు మొత్తం కొనుక్కోవాల్సిందే."

అబద్ధం దేనికీ పనికి రాలేదు. నెలరోజుల కిరాయిలు అక్కడే పోశాడు వరదానం. తిరుగు బస్సులో అనకాపల్లి దాటాక దేవుళ్లు వైపు తిరిగాడు.

"ఆడలా అడిగేసరికి... నోట్లోంచి వచ్చీసిందిరా."

"పోన్లే," అన్నాడు దేవుళ్లు, కిటికీలోంచి చూపు తిప్పకుండా.

పంపు తనే బిగించాడు. కూలి పుచ్చుకోలేదు.

పది రోజులు పోయాక వరదానం షెడ్డుకి వెళ్లాడు. కారులో ఏదో శబ్దం వస్తోందన్నాడు. ఏ శబ్దమూ లేదు. వెళ్లడానికో వంక కావాలి.

దేవుళ్లు ఓ జీపు కిందనుంచి లేచొచ్చి భుజం మీది గుడ్డతో బల్ల తుడిచాడు. "కూర్చోండి, వరదానం గారూ."

వెటకారమేమోనని వరదానం ఆశగా ముఖంలోకి చూశాడు. కాదు. బేరానికి వచ్చిన ఎవరితోనైనా మాట్లాడినట్టే ఉంది.

"ఈ బళ్లు నాకు తెల్దండి. వైజాగ్ తీసుకెళ్లండి," అని దేవుళ్లు మళ్లీ జీపు కిందకి దూరాడు.