విప్పేసిన మిషన్‌కి పన్నెంత?

మిషనక్కకు ఆ పేరు పెట్టింది ఆమె వీడియోలు చూసేవాళ్ళు. అంతకుముందు వీధిలో అందరికీ ఆమె బస్సు డ్రైవరుగారి భార్య. పదిహేనేళ్ళుగా ఇంటి ముందుగదిలో కుట్టుమిషన్లు బాగుచేస్తోంది. దారం తెంపేసే మిషన్లు, కుట్టు వదిలేసే మిషన్లు, పెడల్ తొక్కితే పిల్లిలా అరిచే మిషన్లు, అన్నీ ఆమె బల్ల మీదికే వచ్చేవి.

మూడేళ్ళ క్రితం ఆమె ఆడపడుచు చిట్టి ఒక ఉద్యోగం మానేసి, ఇంకోటి దొరికేలోపు రెండు నెలలు ఖాళీగా ఉంది. తోచక వదిన పనిచేస్తుంటే ఫోన్‌లో వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టింది. షటిల్లో ఇరుక్కున్న దారప్పోగును పట్టకారుతో లాగుతూ మిషనక్క, "చూడు దీని పొగరు! వెంట్రుకంత లేదు, ఇంత ఇనుముని ఆపేసి కూర్చుంది" అని దాన్ని తిట్టడం ఆ వీడియోలో ఉంది. వారం తిరక్కుండా లక్షమంది చూశారు. చిట్టి మళ్ళీ ఉద్యోగం వెతుక్కోలేదు.

తరవాత ఒక కుట్టుమిషన్ల కంపెనీ స్పాన్సర్‌గా వచ్చింది. కొత్త మిషన్ పంపిస్తారు, మిషనక్క దాని మంచీ చెడూ చెబుతూ వీడియో చెయ్యాలి, వీడియోకి ఇంత అని బ్యాంకులో వేస్తారు. ఏడాదిలో పద్నాలుగు మిషన్లు వచ్చాయి. సంవత్సరం చివర చిట్టి తనే కంప్యూటర్ ముందు కూర్చుని, బ్యాంకులో పడ్డ మొత్తం లెక్కవేసి, దానిమీద పన్ను కట్టేసి, "అయిపోయింది వదినా, మనం పెద్దమనుషులం అయిపోయాం" అని చేతులు దులుపుకుంది.

ఎనిమిది నెలల తరవాత ఒక మంగళవారం పొద్దున, మిషనక్క బల్ల కింద దూరి బెల్టు బిగిస్తుండగా, చిట్టి గుమ్మంలోంచి కేకేసింది.

"వదినా! పన్ను గురించి ఉత్తరం వచ్చింది!"

"ఏ మిషన్‌ది? అరిగిపోయిందా, విరిగిపోయిందా?"

కుట్టుమిషన్లో సూది కింద గుడ్డను ముందుకు లాగే ఇనప పళ్ళుంటాయి. వాటి గురించి రోజుకి పదిమంది ఉత్తరాలు రాస్తారు మరి.

"ఆ పన్ను కాదు వదినా. గవర్నమెంటు పన్ను."

మిషనక్క తల బల్లకి ఠంగుమని కొట్టుకుంది.

నోటీసులో విషయం ఇది. కంపెనీవాళ్ళు తమ లెక్కల్లో మిషనక్కకు ఇచ్చిన డబ్బుతోపాటు పద్నాలుగు మిషన్ల ఖరీదు కూడా చూపించారు. మిషనక్క చూపించింది డబ్బు మాత్రమే. మిగిలినదానికి పన్నూ, వడ్డీ, జరిమానా కలిపి ఎందుకు కట్టించుకోకూడదో మూడు వారాల్లో వచ్చి చెప్పాలి. కింద వేసిన అంకె చూసి డ్రైవరుగారు కుర్చీ వెతుక్కుని మరీ కూర్చున్నాడు.

"మనకి మిషన్లు ఊరికే ఇచ్చారు కదే. ఊరికే ఇచ్చినదానికి పన్నేమిటి?"

"అందులో తొమ్మిది వెనక్కి కూడా పంపేశాం కదన్నయ్యా!" అంది చిట్టి. అప్పటికే ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "అంతా నావల్లే. నేనే అన్నీ తెలిసినట్టు నింపేశాను."

"ఏడుపు తరవాత. ముందు తెలిసినవాళ్ళ దగ్గరికి పోదాం పద" అని మిషనక్క చేతులకున్న నూనె తుడుచుకుంది.

ఆడిటరమ్మ ఆఫీసు జిరాక్సు షాపు పైన ఉంది. కింద మిషన్ తిరిగినప్పుడల్లా పైన టేబుల్ మీద గుండుసూదులు వణికేవి. ఆవిడకు రెండు కళ్ళజోళ్ళు. ఒకటి ముక్కు మీద, ఒకటి నెత్తి మీద. నోటీసు ఒకదానితో చదివి, మిషనక్క మొహం రెండోదానితో చూసింది.

"డబ్బిచ్చినా, వస్తువిచ్చినా ఒకటేనమ్మా. మీరు పనిచేసినందుకు వచ్చిందంటే ఆదాయమే. సరే, పద్నాలుగు మిషన్లూ ఎక్కడున్నాయో ఒక్కొక్కటే చెప్పండి."

"తొమ్మిది వెనక్కి పంపాం. మూడు చూసేవాళ్ళకి బహుమతిగా ఇచ్చాం. కంపెనీవాళ్ళే ఇమ్మన్నారు."

"ఇమ్మన్నట్టు కాగితం ఉందా?"

"మెయిల్ ఉంది" అంది చిట్టి.

"బంగారం. అది వాళ్ళ ఖర్చు, మీ ఆదాయం కాదు. మిగతా రెండు?"

"ఒకటి నేను వాడుకుంటున్నా." మిషనక్క కాస్త తటపటాయించింది. "రెండోది విప్పేశాను."

"విప్పేశారా?"

"మిషన్ కడుపులో ఏముందో చూపిద్దామని. రెండొందల పన్నెండు ముక్కలు. అన్నీ డబ్బాల్లో ఉన్నాయి."

ఆడిటరమ్మ పైనున్న కళ్ళజోడు కూడా కిందికి దించింది. పాతికేళ్ళ వృత్తిలో ఈ ప్రశ్న ఆవిడకు రాలేదు. కాసేపు ఆలోచించి, "వచ్చినప్పుడు ఆదాయం. విప్పినప్పుడు ఖర్చు. రెండుచోట్లా రాద్దాం" అంది. తరవాత, "అన్నట్టు, మీ ఖర్చులేవీ?" అని అడిగింది.

"ఏ ఖర్చులు?"

"కెమెరా కొనలేదా? లైట్లు, ఇంటర్నెట్, సూదులు, నూనె, పార్సిల్ చార్జీలు? ఈ అమ్మాయి పని మానుకుని వీడియోలు తీస్తోంది, జీతం ఇవ్వట్లేదా?"

చిట్టి, మిషనక్క ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఖర్చులు తీసేసుకోవచ్చని ఇద్దరికీ తెలియదు. వచ్చిందంతా లాభమేనని పైసాతో సహా చూపించి, కట్టక్కర్లేనిది కూడా కట్టేశారు.

"ఇంత నిజాయితీ ఒంటికి మంచిది కాదమ్మా" అని ఆడిటరమ్మ నవ్వేసింది. "అవన్నీ పట్టుకురండి. అంతకంటే ముఖ్యం, తొమ్మిది మిషన్లు వెనక్కి పంపిన రసీదులు."

రసీదులన్నీ చిట్టి ఒక కవర్లో భద్రంగానే దాచింది. ఇంటికొచ్చి తీసి చూస్తే తొమ్మిదీ తెల్లకాగితాలు. కొరియరువాళ్ళు ఇచ్చిన ఆ నున్నటి కాగితం మీద అచ్చు ఏడాదిలో వెలిసిపోయింది. కిటికీ దగ్గర పెట్టి చూసినా, లైటు కింద పెట్టి చూసినా ఒక్క అక్షరం లేదు.

డ్రైవరుగారు గొంతు తగ్గించి, "పోనీ, వాడుకునేదీ విప్పేసిందీ కూడా వెనక్కి పంపేశామందామా? ఎలాగూ ఏ కాగితమూ లేదు" అన్నాడు.

"నాలుగు లక్షలమంది చూస్తుండగా విప్పానండీ. ఏ మొహం పెట్టుకుని చెప్పను? పైగా పంపినవాటికే దిక్కులేదు, పంపనివాటి సంగతి ఎందుకు?"

కంపెనీకి ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి, గోడౌన్ మారిందనీ పాత లెక్కలు దొరకడం లేదనీ చెప్పింది. వెతికిస్తానంది గానీ ఆ గొంతులో వెతికే హడావుడి ఏమీ లేదు.

దారి చిట్టికే తోచింది. ఆమె కెమెరా ఆన్ చేస్తే ఆపడం మర్చిపోయే రకం. పనికొచ్చిన అయిదు నిమిషాలు వీడియోలో పెట్టి, మిగతా రెండు గంటలూ పారెయ్యడానికి మనసొప్పక దాచేది. మూడు రోజులు పగలంతా ఆ పాత ముక్కలన్నీ వరసగా తిప్పింది. వదిన ఆవులింతలు, అన్నయ్య తాళాల కోసం వెతుకులాట, కూరగాయలవాడితో బేరం, అన్నీ దొరికాయి. నాలుగో రోజు మధ్యాహ్నం ఆమె వేసిన కేక వీధి చివరిదాకా వినపడింది.

పెట్టెలో సర్దేముందు మిషన్ నంబరు పైకి చదవడం మిషనక్కకు ఎప్పటినుంచో అలవాటు. బాగుచేసిన మిషన్ ఒకరిది ఒకరికి పోకూడదని మొదలుపెట్టింది. వీడియోలో ఆమె నంబరు చదివి, మూత వేసి, "పోయి రా తల్లీ, నీకంటే మంచిది పంపమను" అంటోంది. తరవాత డ్రైవరుగారు పెట్టె ఎత్తుకుని కొరియరువాడి బండిలో పెడుతున్నాడు. అలాంటివి తొమ్మిదీ దొరికాయి, తేదీలతో సహా. చిక్కల్లా ఒకటే. వాటిలో ఆరింట్లో డ్రైవరుగారికి చొక్కా లేదు.

"ఇది గవర్నమెంటు ఆఫీసులో వేస్తారా?" అన్నాడు ఆయన, మొహం ఎర్రబడి.

"మీరే సాక్ష్యమండీ. కాస్త పొట్ట లోపలికి పెట్టుకోవాల్సింది" అంది మిషనక్క.

పన్నుల అధికారి సన్నగా, నిటారుగా ఉన్న మనిషి. ఆయన గదిలో నాలుగు కుర్చీలు, ఒక ఫ్యాను, పైకప్పు దాకా ఫైళ్ళు. ఆడిటరమ్మ విషయమంతా చెప్పి, మెయిల్ చూపించి, ఖర్చుల బిల్లులు వరసగా పేర్చింది. తరవాత చిట్టి కంప్యూటర్ ఆయన వైపు తిప్పింది.

ఆయన ఒక్కటి చూసి సరేనంటాడనుకున్నారు. ఆయన తొమ్మిదీ చూశాడు. ఒక్కో నంబరూ కంపెనీ జాబితాలో వేలుపెట్టి సరిచూసుకుని, టిక్కు పెట్టుకుంటూ పోయాడు. చొక్కా లేని డ్రైవరుగారు తెర మీద ఆరుసార్లు నడిచాడు. చొక్కా ఇస్త్రీ చేయించుకొచ్చిన డ్రైవరుగారు ఆరుసార్లూ ఫ్యాను వైపు చూశాడు.

"తొమ్మిదీ సరిపోయాయి" అన్నాడు అధికారి. "ఈ విప్పేసిన మిషనేమిటి? ఆదాయంలోనూ ఉంది, ఖర్చులోనూ ఉంది."

మిషనక్క సంచీలోంచి ఒక డబ్బా తీసి టేబుల్ మీద పెట్టింది. లోపల చిన్న చిన్న చక్రాలు, స్ప్రింగులు, మరలు.

"ఇంకా అయిదు డబ్బాలున్నాయి సార్, కింద బండిలో. తెమ్మంటారా?"

ఆయన ఒక స్ప్రింగు తీసి వేళ్ళ మధ్య నొక్కి చూశాడు. "మళ్ళీ బిగించలేరా?"

"బిగించగలను సార్. కానీ పిల్లలు నేర్చుకుంటున్నారు దీనిమీద. వారానికోసారి ఎనిమిదిమంది వస్తారు."

"అయితే బోధనా సామగ్రి" అని ఆయన రాసుకున్నాడు. మొహంలో నవ్వు లేదు గానీ, స్ప్రింగును మాత్రం డబ్బాలో చాలా జాగ్రత్తగా పెట్టాడు.

చివరికి తేలింది నోటీసులో వేసినదానిలో పదోవంతు. వాడుకుంటున్న మిషన్ ఖరీదు ఆదాయంలో కలిసింది, దానికి చిన్న జరిమానా పడింది. మర్చిపోయిన ఖర్చులు తీసేయడంతో చాలావరకు అక్కడికక్కడే సర్దుకుంది. అదే రోజు మిగిలింది కట్టేసి బయటికొచ్చారు. మెట్ల మీద డ్రైవరుగారు గట్టిగా ఊపిరి వదిలి, "ఆకలేస్తోంది" అన్నాడు. నోటీసు వచ్చిన దగ్గర్నుంచి ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి.

మరుసటి ఏడాది పన్ను కాగితం నింపుతూ ఆడిటరమ్మ అడిగింది. "ఈసారి ఈ అమ్మాయి జీతం ఎంత రాయను?"

"జీతమేంటండీ, మేమిద్దరం ఒకటే" అంది చిట్టి సిగ్గుపడుతూ.

"జీతం వద్దు. సగం వాటా రాయండి" అంది మిషనక్క. చిట్టి అభ్యంతరం చెప్పబోతే, "తొమ్మిది మిషన్లు దొరికింది ఎవరివల్ల? నోరు మూసుకుని సంతకం పెట్టు" అంది.

పదిరోజులకు కంపెనీ అమ్మాయి ఉత్సాహంగా ఫోన్ చేసింది. కొత్తరకం మిషన్లు ఆరు వచ్చాయట, అన్నీ ఉచితంగా ఉంచేసుకోవచ్చట.

"ఉచితం మాకు గిట్టుబాటు కాదమ్మా" అంది మిషనక్క. "ఒకటి పంపండి. చూసి, వీడియో చేసి తిప్పి పంపేస్తాం. అందినట్టు మీరు కాగితం మీద సంతకం పెట్టి పంపాలి. ఆ మిగతా అయిదింటి బదులు వీడియోకిచ్చే డబ్బు పెంచండి."

అవతల ఆ అమ్మాయి ఇవన్నీ రాసుకుంది. "పై వాళ్ళని అడిగి చెప్తానక్కా."

గంటలో చెప్పారు. పెంచారు. చిట్టి అందులోంచి పన్ను భాగం లెక్కగట్టి, డబ్బు పడగానే వేరే ఖాతాలో వెయ్యాలని రాసిపెట్టుకుంది. మిషనక్క అప్పటికే బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. గుమ్మంలో ఒక పెద్దావిడ పాత మిషన్ను చంకనెత్తుకుని నిలబడి, పొద్దుటినుంచి ఇది కుట్టనంటోందని చెబుతోంది.

"దాని సంగతి నేను చూస్తాగా, ముందు మీరు కూర్చోండి పిన్నిగారూ" అంటూ మిషనక్క మిషన్ అందుకుంది.