ఫోన్లో లేని పప్పు

ఉల్లిగడ్డలు కోస్తూ లాలి చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుంది. "పప్పులకు ఒకటి, కూరగాయలకు రెండు నొక్కండి" అంది అందులోని గొంతు. ఇంట్లో ఏమున్నాయో అంకెలు నొక్కి చెబితే ఏం వండాలో చెప్పేది. ఒక్కో పని కాగానే ఒకటి నొక్కితే, "చాలా బాగా చేశారండీ" అని తర్వాతి పని అందించేది.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, తెలంగాణ కోసం ఊళ్లన్నీ రోడ్డెక్కిన ఆ రోజుల్లో, మానుకోటలోని ఆ రెండు గదుల ఇంట్లో లాలిని 'అండీ' అన్నది ఆ కోస్తా గొంతొక్కటే. ఆ వంటల లైను పెట్టించింది ఆమె భర్త మంగీలాల్, బడిపంతులు. "మా సార్లు ఇంటికొస్తే నీ తండా వంట ఎట్ల పెట్టాలె? ఇజ్జత్ పోతది" అన్నాడు. ఇంట్లో లంబాడీ మాట్లాడితే కసిరేవాడు. అతనూ తండాలో పుట్టినవాడే. నెల్లికుదురు దగ్గరి తండాలో లాలికి వంట నేర్పింది యాడి, కన్నతల్లి. చెంచాలు లేవు, అరచేయే కొలత. పప్పు వాసన మారగానే "ఇక చింతచిగురెయ్" అనేది, తమ భాషలో. పొయ్యి వెలుగులో యాడి చెంపల పక్కన వెండి గొలుసులు ఊగేవి.

ఒకరోజు పొద్దున ఉద్యమకారులు రోడ్డు మీద వంటా వార్పు పెట్టారు. పొయ్యిలు ఆడవాళ్లకు, మైకు మగవాళ్లకు. లాలి పప్పు ఉడుకుతున్న పెద్ద గుండిగ పక్కన నిలబడి ఫోను తీసింది. "నలుగురికి సరిపడా..." అంది గొంతు. కట్టెలు ఎగదోస్తున్న పక్కింటి అంజమ్మ పకపకా నవ్వింది. "మూడొందల మందికి ఏ నంబరు నొక్కుతవ్ బిడ్డా?"

లాలికీ నవ్వొచ్చింది. ఫోను కొంగున ముడేసి, ఎవరో తెచ్చిన చింతచిగురును రెండు చేతులా నలిపింది. పప్పు వాసన మారేదాకా ఆగింది.

మైకులో మంగీలాల్ గొంతు. "మన యాసను ఎక్కిరిచ్చిన్రు! మన తిండిని చిన్నగ చూసిన్రు! ఇగ పడేది లేదు!"

గరిటె తిప్పుతున్న లాలి చేయి ఆగిపోయింది. ఆ మాటలు ఒక్కసారైనా తన వంటింటి గడప దాటి లోపలికి వచ్చుంటే, చుట్టూ మోగుతున్న చప్పట్లలో ఆమెవీ ఉండేవి.

మగవాళ్ల బంతిలో రెండోసారి పప్పు వేయించుకుంటూ అతనన్నాడు, "మస్తుగున్నది లాలీ. ఫోన్ల చెప్పిన్రా?"

"మా యాడి చెప్పింది. తండా వంట."

అతని పక్కన తింటున్న సార్లందరూ తలలెత్తారు. లాలి గరిటెను అతని విస్తరి పక్కన పెట్టింది. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నామనీ, ఆడవాళ్ల బంతికి నువ్వే వడ్డించాలనీ చెప్పింది. లంబాడీలోనే చెప్పింది, గొంతు తగ్గించకుండా.

మంగీలాల్ గరిటె అందుకున్నాడు. తర్వాత మెల్లగా, తోటి సార్ల మధ్యలోనే, ఆ భాషలోనే "సరే" అన్నాడు.