వరం మార్కా రేకు

ముందుగా చదివేవారు నన్ను క్షమించాలి. నా రాతలో తప్పులుంటాయి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇంకా తడుముకుంటూనే ఉన్నాను. ఈ నాలుగు కాగితాలు రాయడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. మధ్యలో రెండు రోజులు జ్వరం వచ్చింది. అవి తీసేస్తే పదిహేడు.

మాది ఒంగోలు పక్క పల్లె. మా ఆయన బాపయ్య గారు పత్తిచేలో పాము కరిచి పోయారు. ఉన్న ఎకరన్నర కౌలుకిచ్చి, నల్లపాడులో మా చెల్లెలి ఇంటి పక్కన ఒక గది తీసుకున్నాను. గుంటూరులో లక్ష్మీనరసింహం గారి మిర్చి కొట్లో పనికి కుదిరాను. పని అంటే కాయలకు తొడిమలు తియ్యడం, తెల్లబడిన తాలు కాయలు ఏరడం. షెడ్డులో రాశి చుట్టూ ముప్పై మంది ఆడవాళ్లం కూర్చునేవాళ్లం. కొత్తగా వచ్చినవాళ్లు తుమ్ముతారు. వారం తిరిగేసరికి తుమ్ములు పోతాయి. నాకు తుమ్ములు పోయి దగ్గు వచ్చింది.

రెండేళ్లు దగ్గాక డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన వీపు మీద గొట్టం పెట్టి విని, "ఏం పని చేస్తావమ్మా?" అన్నాడు. చెప్పాను.

"ఆ షెడ్డులో ఇంకో రెండేళ్లు కూర్చుంటే ఆ తర్వాత కూర్చోవాల్సిన పని ఉండదు" అన్నాడు.

సరిగ్గా అప్పుడే కొట్టు గేటు దగ్గర టిక్కీలకు మార్కా వేసే బుల్లయ్య పని మానేశాడు. మిర్చి బస్తాని మేము టిక్కీ అంటాం. మిర్చి ఘాటు పడటం లేదని చెప్పి బుల్లయ్య పిడుగురాళ్ల సున్నపు బట్టీలో చేరాడు. సున్నం ఎట్లా పడిందో నాకు తెలియదు. ఆ పని నాకిమ్మని షావుకారు గారిని అడిగాను. గేటు దగ్గరయితే గాలి వస్తుంది.

"నీకు చదువు రాదుగా సుబ్బరావమ్మా" అన్నారు.

"రాసేది రేకు గదండీ. నేను పట్టుకునేదాన్నే గదా."

"అదీ నిజమే" అన్నారు ఆయన.

ఇది ఎనభై నాలుగులో సంగతి.

మా కొట్టు మార్కా పేరు "వరం". కిరసనాయిలు డబ్బా రేకులో ఆ మూడు ఆకారాలూ అరచెయ్యంత కన్నాలుగా కోసి ఉంటాయి. రేకు గోనె మీద ఆనించి, మసీ కిరసనాయిలూ కలిపిన రంగు పొట్టి బ్రష్షుతో అద్దితే కింద అక్షరాలు పడతాయి. రోజుకి వంద టిక్కీలు వేసేదాన్ని. వ, ర, సున్నా. నాకు వచ్చిన మొదటి అక్షరాలు ఇవే. అఆలు తర్వాతెప్పుడో వచ్చాయి.

ఒకరోజు సున్నా చెడిపోయింది. గుండ్రంగా గీతలా పడాల్సింది నల్లటి ముద్దగా పడింది. చూస్తే రేకులో సున్నా మధ్య ఉండే బిళ్ళ ఊడి నా కాలి దగ్గర పడి ఉంది. రేకు పని చేసే మీరావలి దగ్గరికి పట్టుకెళ్లాను. మార్కెట్టు వీధిలో గరాటాలు, డబ్బాలు, మార్కా రేకులు చేసేవాడు. మా రేకు కోసింది వాళ్ల నాన్న.

"పట్టు తెగిందక్కా" అన్నాడు మీరావలి. "సున్నా చుట్టూరా కోసేస్తే మధ్యది దేన్ని పట్టుకుని నిలబడుతుంది? అందుకని పైనొకటి, కిందొకటి సన్న రేకు వదిలిపెడతాం. ర కి అటొకటి, ఇటొకటి. వ కి కడుపులో ఒకటి."

"ఆ వదిలినచోట రంగు పడదు గదా?"

"పడదు. ఖాళీ వస్తుంది. అది ఉంటేనే అక్షరం నిలబడేది."

మాటు వేసి ఇచ్చాడు. అక్షరం నిలబడాలంటే ఖాళీ ఉండాలి. నాకు చదువు విషయంలో మొదట చెప్పింది మీరావలే కాబట్టి ఆ మాట గట్టిగా పట్టుకున్నాను.

అప్పటి నుంచి ఎక్కడ అక్షరం కనిపించినా నిలబడి చూసేదాన్ని. చదవడానికి కాదు, చూడటానికే. యూరియా బస్తా మీద ర కడుపు నిండిన గేదెలా కూర్చుని ఉండేది. అగ్గిపెట్టె మీద ర కి చోటు చాలక పక్క అక్షరం మీద వాలేది. శుభలేఖల్లో దాని తలకట్టు కొప్పులో పూలు పెట్టుకున్నట్టు వంపు తిరిగేది. సినిమా పోస్టరు మీద అదే ర నిప్పంటుకుని మండుతూ ఉండేది, అయినా ర యే. సబ్బు కాగితాలు, బీడీ కట్టల చీటీలు, విత్తనాల పొట్లాలు ఏరి గది గోడకి అన్నంతో అంటించాను. వాటిలో దేనికీ ఖాళీలు లేవు. నల్లపాడు స్టేషను బోర్డుకి కూడా లేవు. అంత పెద్ద బోర్డు రాయించి పనివాణ్ణి మాత్రం సరైనవాణ్ణి పెట్టుకోలేదే అనుకున్నాను.

రాశి దగ్గర పనిచేసే కోటిరత్నం నాతోనే ఇంటికి వచ్చేది. "ఏంది వదినా గోడల వంక అట్లా చూస్తావు? ఎవడన్నా నిలబడ్డాడా?" అనేది.

"ర నిలబడింది."

"మొగుడు పోయిన పదేళ్లకి పిచ్చి రావడం నేనెక్కడా చూళ్లేదమ్మా" అని నవ్వేది.

ఎనభై ఆరులో, దీపావళి వెళ్లిన వారం, గుమాస్తా త్యాగరాజు గారు గేటు దగ్గరికి వచ్చారు. ఆయన చేతిరాత గుంటూరు కొట్లలో పేరుపడ్డది. జాబు రాస్తే ముత్యాలు పోసినట్టే ఉండేది. ఆయనకీ ఆ సంగతి తెలుసు.

"చూడమ్మా, జనవరి ఆఖరుకి కొత్త పంట దిగుతుంది. అప్పట్నుంచి మార్కా కింద రైతు పేరు చేత్తో రాయాలని షావుకారు గారి ఆర్డరు. నిరుడు ఇద్దరు రైతుల సరుకు కలిసిపోయి ఎంత గొడవైందో చూశావుగా. నీకు రాయడం వస్తే సరే. రాకపోతే మళ్లీ రాశి దగ్గరికే."

"రాశి దగ్గరికి వెళ్తే నేను బతకనండీ."

"అయితే నేర్చుకో. మా ఆవిడ సాయంత్రాలు ఆడవాళ్లకి చెబుతోంది. జనవరి ఆఖరున నేనే పరీక్ష పెడతాను."

వాళ్ల ఇల్లు నల్లపాడులోనే. ఆయన భార్య కామేశ్వరి గారు వరండాలో చాప వేసి ఆరుగురికి చెప్పేది. నా కంటే ఇరవై ఏళ్లు చిన్నది. మొదటి రోజు పలక ఇచ్చి, వచ్చినవి ఏవైనా రాయమంది. నాకు వచ్చినవి మూడే కాబట్టి "వరం" అని రాశాను.

ఆవిడ పలక వెలుగులోకి తిప్పి చూసింది. "బాగా రాశారే! కానీ సుబ్బరావమ్మ గారూ, ఇక్కడ ఎందుకు ఖాళీ వదిలారండీ? ఇదిగో, ఇక్కడా. సున్నా అంటే చుట్టూ కలవాలి."

"కలిపేస్తే మధ్యది ఊడిపోతుందమ్మా."

"ఏది ఊడిపోతుంది?"

"మధ్యలోది."

ఆవిడ పలక కిందికి కూడా వంగి చూసింది. "ఇది పలకండీ. ఇందులో ఏమీ ఊడదు."

"రేకు కూడా మొదట అట్లాగే ఉంటుందమ్మా."

సంగతంతా చెప్పాక ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత, తప్పు నాది కాదనీ, రేకు కోసేవాళ్ల ఇబ్బంది అక్షరానికి అంటుకుందనీ చెప్పింది. స్టేషను బోర్డు రాసినవాడి మీద నాకున్న అభిప్రాయం ఆ రోజు మార్చుకున్నాను.

డిసెంబరుకల్లా అక్షరాలన్నీ గుర్తుపట్టాను. పలక మీద కలిపి రాయడం వచ్చింది. కానీ చేతిలో బ్రష్షు, ఎదురుగా గోనె ఉంటే చెయ్యి దానంతటదే లేచిపోయేది. సున్నాకి పైన ఒకసారి, కింద ఒకసారి. రెండేళ్లలో యాభై వేల టిక్కీలు వేసిన చెయ్యి. దానికి నేనేం చెప్పినా వినేది కాదు. ఇంకా జనవరి ఆఖరు వరకు టైముందిలే అని ధైర్యంగా ఉన్నాను.

జనవరి మొదట్లో కలకత్తా లారీ వచ్చింది. నిలవ సరుకు నూట ఇరవై టిక్కీలు ఎక్కించాలి. లారీ వెనక్కి తీసేటప్పుడు గోడకి ఆనించిన రేకు జారి చక్రం కింద పడింది. లారీకి ఏమీ కాలేదు. రేకు అప్పడంలా అయింది, వ చిరిగింది. మీరావలి కోసం మనిషిని పంపితే, తెలిసినవాళ్ల పెళ్లికి ఒంగోలు వెళ్లాడనీ, నాలుగు రోజుల దాకా రాడనీ వాళ్ల ఆవిడ కరీమున్ చెప్పింది. లారీ మాత్రం ఆ సాయంత్రమే వెళ్లాలి.

"చేత్తో రాసేద్దాం. మూడక్షరాలేగా" అన్నారు త్యాగరాజు గారు. "సుబ్బరావమ్మా, నువ్వు అరవై, నేను అరవై. ఇదే నీ పరీక్ష అనుకో."

పంచె పైకి దోపుకుని ఆయన ఒక వరస మొదలుపెట్టారు. నేనొక వరస. ఆయన అక్షరాలు చూడముచ్చటగా ఉన్నాయి. తలకట్లు కోడిపుంజు జుట్టులా లేచి ఉన్నాయి. సున్నా చందమామే. నేను అరవై రాసి పక్కకి నిలబడ్డాక ఆయన వచ్చి చూశారు.

"ఇదేంటిది? అన్నీ పగిలిపోయి ఉన్నాయి!"

"చెయ్యి కలపట్లేదండీ."

"రెండు నెలల చదువుకి ఇదా? కలకత్తావాళ్లు మనకి రాయడం రాదనుకుంటారు." బ్రష్షు తీసుకుని నా టిక్కీల మీద ఖాళీలు పూడ్చడం మొదలుపెట్టారు. పాపం, వంగి వంగి నడుం పట్టేసినా ఆపలేదు. ఇరవై రెండు దిద్దారు. లారీ డ్రైవరు హారను కొట్టి కొట్టి, చివరికి దిగి వచ్చి, "పంతులుగారూ, మిరపకాయలకి చదువెందుకండీ, పోనివ్వండి" అని ఎక్కించేశాడు.

సాయంత్రం త్యాగరాజు గారు, "ఫెయిలు" అన్నారు. "నా చేతిలో ఏముందమ్మా. సోమవారం నుంచి రాశి దగ్గర కూర్చో."

కూర్చున్నాను. కొత్త పంట దిగేదాకా ఇంకో లారీ లేదు, అందుకని కొత్త రేకు తొందర ఎవరికీ లేదు. మూడో రోజుకి దగ్గు వచ్చింది. ఎనిమిదో రోజుకి దగ్గులో నెత్తురు చార కనిపించింది. కోటిరత్నం చూసి జోకులు మానేసింది. అది మానేసిందంటే నాకు భయం వేసింది. నా వంతు కాయల్లో సగం తన ఒళ్లోకి లాక్కుని తనే తీసింది. కామేశ్వరి గారు మొగుడితో రెండు రోజులు మాట్లాడలేదట. అది నాకు తర్వాత తెలిసింది.

పదహారో రోజున కలకత్తా నుంచి ఇంగ్లీషులో జాబు వచ్చింది. షావుకారు గారు షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉన్నారు. త్యాగరాజు గారు నిలబడి లోపల్లోపల చదువుకుని ఆగిపోయారు.

"పైకి చదువయ్యా."

"సరుకు చేరిందటండీ. నూట ఇరవైలో ముప్పై ఎనిమిది టిక్కీలే మన మార్కా అట. మిగతా ఎనభై రెండూ ఎవరో మన మార్కాని కాపీ కొట్టినవట. గోడౌనులో విడిగా పెట్టాం, మనిషిని పంపండి అంటున్నారు."

"దొంగ మార్కానా? మన కొట్లోంచి వెళ్లిన సరుకేగా!"

త్యాగరాజు గారు గొంతు సవరించుకున్నారు. "అరవై నేను రాసినవి. ఇరవై రెండు నేను దిద్దినవి."

"మరి ఆ ముప్పై ఎనిమిది?"

రాశి వెనక నుంచి కోటిరత్నం అరిచింది. "దిద్దడానికి టైము చాలనివండీ!"

ముప్పై మందీ నవ్వారు. షావుకారు గారు నవ్వలేదు. నన్ను పిలిచి, గోనె ఒకటి పరిచి, రాయమన్నారు. దగ్గు ఆగేదాకా ఉండి రాశాను. చితికిన రేకుని సుత్తితో సాపు చేయించి పక్కన పెట్టారు. ఇటు చూశారు, అటు చూశారు. అటు నుంచి కూడా వచ్చి చూశారు.

"అచ్చం అదే" అన్నారు.

"అది తప్పండీ" అన్నారు త్యాగరాజు గారు. "నేను రాసిందే సరైన అక్షరం. ఎవర్నైనా అడగండి."

"కలకత్తా హమాలీలకి తెలుగొచ్చా?"

"రాదండీ."

"మరి వాళ్లేం చూసి గుర్తుపడతారు?"

త్యాగరాజు గారు జాబు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"పాతికేళ్లుగా వాళ్లు చూసింది ఈ పగుళ్లనే. నువ్వు వాటిని పూడ్చేశావు. రైతుల పేర్లు నువ్వు రాయి, బాగా రాస్తావు. మార్కా జోలికి మాత్రం రాకు. సుబ్బరావమ్మా, లేచి గేటు దగ్గరికి పో."

నేను లేచాను. కోటిరత్నం నా వీపు మీద కారం చేత్తో ఒకటి చరిచింది. రవిక మీద ఎర్రగా అయిదు వేళ్లూ పడ్డాయి. ఆ ముద్రకి ఖాళీలు సరిగ్గానే వచ్చాయి.

మర్నాడు మీరావలి కొత్త రేకు పట్టుకుని వచ్చాడు. "కోస్తాను గానీ గీత రాదక్కా. పాతది గీసింది మా నాన్న. నువ్వు గియ్యి" అన్నాడు. సీసపు కడ్డీ ఇచ్చాడు. రేకు ఒళ్లో పెట్టుకుని గేటు దగ్గర పొద్దున్నుంచి భోజనాల వేళ దాకా గీశాను. వ గీశాను. ర గీశాను. సున్నా దగ్గర చెయ్యి ఆగింది. పాత రేకులో సున్నా మరీ దూరంగా ఉండేది, పెళ్లికి వచ్చి ఎవరూ పలకరించక విడిగా కూర్చున్న మనిషిలా. రెండేళ్లూ రోజుకి వందసార్లు చూశాను దాన్ని. ఇప్పుడు రేకు నా ఒళ్లో ఉంది. సున్నాని ర పక్కకి ఒక వడ్లగింజంత జరిపాను.

మీరావలి గీత మీద వేలితో నడిచి చూశాడు. "పట్లు అన్నీ ఉన్నాయి" అని కోసేశాడు. అంతకు మించి ఏమీ అనలేదు. త్యాగరాజు గారు దాని పక్కనే కూర్చుని పేర్లు రాశారు, ఏమీ అనలేదు. షావుకారు గారు రోజూ దాని ముందు నుంచే లోపలికి వెళ్లారు.

ఆ ఏడు కలకత్తాకి పదకొండు లారీలు వెళ్లాయి. అక్కడి నుంచి జాబు ఏదీ రాలేదు.

ఆవుల సుబ్బరావమ్మ,
వయసు యాభై ఆరు,
స్టేషను రోడ్డు, నల్లపాడు.