ఎదురు చుట్టు

మటౌరా నదిలో గేలం వేసేవాళ్లు నా అంగడికి వచ్చేది నైరీ టల్లక్ కట్టే ఈగల కోసమే. కొక్కేనికి దారం, నెమలి ఈక కాడ, పుంజు మెడ ఈక చుట్టి కడుతుంది. నీళ్లమీద వదిలితే అచ్చం మేఫ్లై పురుగు వాలినట్టే ఉంటుంది, ట్రౌట్ చేప మోసపోతుంది. ‘ఈ లోయలో నైరీ చేతికట్టు’ అని ఈగలు గుచ్చే ప్రతి అట్టమీదా అచ్చు వేయిస్తాను. ఆ మాట నమ్మినవాడు నా దగ్గర గేలపు కర్రా కొంటాడు, బూట్లూ కొంటాడు. అది అబద్ధమని తేలితే ఇక ఏదీ కొనడు.

ఈసారి సీజను సరుకు ఆమె తానుగా తేలేదు, పోస్టులో పంపింది. అక్కడ మొదలైంది నా అనుమానం. భూతద్దం కింద పెట్టి చూస్తే దారం చుట్లన్నీ ఎదురువైపు తిరిగి ఉన్నాయి. కుడిచేతివాటం మనిషి దారం అలా తిప్పదు. నైరీ ఎడమచేత్తో చెంచా కూడా పట్టదు. ఏదో విదేశీ కార్ఖానాలో కొని నాకు అంటగడుతోందన్నమాట. పనితనంలో వంక లేదు. దాంతో నా అనుమానం ఇంకా పెరిగింది.

ఒక్కటీ అమ్మకుండా, అట్టలతో సహా డబ్బా తీసుకుని, చెప్పకుండా వాళ్లింటికి వెళ్లాను. నా ముందు ఒకటి కట్టమన్నాను. టీ తాగమంది. తరువాత వెలుతురు చాలదంది. కిటికీ నిండా ఎండ. స్కోను రొట్టెకు వెన్న రాయబోయి సగం బల్లకు రాసింది. అదీ నాటకమే అనుకున్నాను. ఆమె భర్త ఆలెక్, నలభై ఏళ్లు గొర్రెల ఉన్ని కత్తిరించిన మనిషి, గుమ్మంలో నిలబడి నేనెప్పుడు పోతానా అని చూస్తున్నాడు.

“ఎవరి దగ్గర కొంటున్నావు నైరీ?” అన్నాను.

“కొనడమెందుకు? ఇంట్లోనే మేపుతున్నాగా,” అని మొగుడివైపు గడ్డం చూపింది.

ఆలెక్ చెవులు ఎర్రబడ్డాయి. కొక్కేన్ని బిగించే వైస్ ముందు కూర్చుని ఎడమచేత్తో దారం అందుకున్నాడు. అప్పడాల కర్రల్లాంటి ఆ వేళ్ల మధ్య నెమలికాడ విరగలేదు. కట్టిన ఈగను గిన్నెలో నీళ్లమీద వదిలితే ఈకల కొసలమీద నిలబడింది. చలికాలం నుంచీ నైరీకి చూపు మసకట. ఆమె వేలితో తడిమి తప్పు చెబితే, అతను విప్పి మళ్లీ కట్టేవాడట.

అట్టమీద అతని పేరే వేస్తానన్నాను.

“వేశావంటే ఇదే ఆఖరిది. ఉన్ని షెడ్డులో వాళ్లు నన్ను బతకనిస్తారా? ఈకలు కుట్టుకునే ముసలమ్మంటారు.”

“నైరీ పేరుతో నేను అమ్మలేను ఆలెక్.”

“ఆయన్ని బెదరగొట్టకు మర్డో,” అంది నైరీ. “ఇప్పుడిప్పుడే చెయ్యి కుదురుతోంది.”

అతని పేరు వేస్తే సరుకు పోతుంది. ఆమె పేరు ఉంచితే నా మాట పోతుంది. కత్తెర అడిగి, ప్రతి అట్టమీదా ‘నైరీ’ అన్నంత మేరా కత్తిరించేశాను. మిగిలినదంతా నిజమే. ఆలెక్‌కు నామీద నమ్మకం కుదరలేదు. పేర్ల ముక్కలూ అట్టలూ లెక్కకు సరిపోయాయో లేదో చూసుకుని గాని నన్ను కదలనివ్వలేదు.

శనివారం తొలి గిరాకీ, పాత మనిషే, అట్టలోని కంతలోంచి నావైపు చూశాడు. ఎవరి చేతిదన్నాడు. లోయలోని చేతిదే, పేరు చెప్పలేనన్నాను. ఎప్పుడూ డజను కొనేవాడు ఒక్కటే తీసుకుని, చేప పడితే అప్పుడు చూద్దామన్నాడు.