పదకొండు బోర్డులు, ఒక్క కుర్చీ

ఆ గదికి తలుపు ఒకటే, బోర్డులు మాత్రం పదకొండు. ఒక్కోదాని మీద ఒక్కో కంపెనీ పేరు. గోడకు వరసగా బిగించిన ఆ ఇత్తడి బోర్డులను అక్కడ ఊడ్చే పనికొచ్చే ఆమె రోజూ ముఖం కనబడేలా తుడిచేది. లోపల ఒక బల్ల, ఒక కుర్చీ, ఎన్నడూ మోగని ఫోను. మూడేళ్లలో ఆ కుర్చీలో ఎవరైనా కూర్చున్నారంటే అది ఆమే, అదీ నడుము పట్టేసినప్పుడు.

ఆమె చంటిదానికి ఆయాసం. పసిదాని డొక్కలు ఎగిరిపడుతుంటే తల్లి ప్రాణం విలవిల్లాడేది. వీధి చివర పిల్లల సర్కారు ఆసుపత్రిలో ముక్కుకు మాస్కు పెట్టి మందు పట్టించేవారు. ఈ నెలాఖరుకు దాన్ని మూసేస్తామని గోడకు కాగితం అంటించారు. పన్నులు రావట్లేదట, నడపలేరట.

అక్కడే నర్సుగా చేసే ఆడపడుచు ఊరుకునే రకం కాదు.

"వదినా, మందుల ఫ్యాక్టరీ లేదూ? సరుకంతా మనకే అమ్ముతుంది. లాభం మాత్రం సర్కారు పన్ను మాఫీ చేసిన పేటలో ఇంకో కంపెనీ పేర చూపిస్తుంది. దాని వెనక ఎవరున్నారో ఇన్నాళ్లూ తెలిసేది కాదు. కొత్త చట్టమొచ్చింది, సోమవారం పేర్లన్నీ జనం ముందు పెడతారు. పేరు తెలిస్తే చాలు, వెళ్లి గుమ్మంలో కూర్చుంటాం."

"కూర్చుంటే కడతారంటావా?"

"పరువు పోతుందనైనా కడతారు. ముందు నువ్వు సంతకం పెట్టు."

పన్ను కట్టమని రాసిన అర్జీలో పైన 'డైరెక్టరు గారికి' అని రాసి, పేరుకు ఖాళీ వదిలారు. కింద మొదటి సంతకం ఆమెదే.

సోమవారం ఆసుపత్రి వరండాలో తల్లులంతా మూగారు. ఆడపడుచు ఫోనులో వెతికి కంపెనీ పేరు చదివింది. వదిన వెంటనే గుర్తుపట్టింది. వరసలో నాలుగో బోర్డు!

"ఆ గది నాకు తెలుసు! తాళంచెవి నా దగ్గరే ఉంది!" అని నలుగురిలో అరిచేసింది.

ఆడపడుచు ఫోను దగ్గరగా పెట్టుకుని మళ్లీ చూసింది. తర్వాత చిన్నగా డైరెక్టరు పేరు చదివింది. ఇంటిపేరుతో సహా వదినదే.

"బాగుందమ్మా! డైరెక్టరమ్మ మనతోపాటే లైన్లో నిలబడింది," అని ఒకావిడ నవ్వింది. వెనకున్నావిడ నవ్వలేదు. చంకలోని బిడ్డను అటువైపు తిప్పుకుంది.

"ఎక్కడ పెట్టావు వదినా సంతకం?"

"సబ్బులూ చేతితొడుగులూ ముట్టినట్టు సంతకమన్నాడు ఆ గది చూసే మేనేజరు. వేలు పెట్టి చూపించిన చోటల్లా పెట్టాను." ఏడో తరగతితో బడి మానేసిన మనిషికి అన్ని కాగితాలూ ఒకటే.

ఆమె మేనేజరుకు ఫోను చేసింది. ఆయన గొంతు వెన్నలా ఉంది. "భయమెందుకమ్మా? పేరు చూపించమన్నారు, చూపించాం. చట్టం మనం తప్పలేదు. రేపు బోర్డులు కాస్త బాగా తుడువు, ఫొటోలు తీసేవాళ్లు వస్తారట."

ఫోను పెట్టేశాడు. ఆమె భుజం మీద పసిది ఈల వేసినట్టు ఊపిరి తీస్తోంది.

అర్జీ బెంచీ మీదే ఉంది. పైన ఖాళీలో రాయాల్సిన పేరూ, కింద మొదటి సంతకమూ ఒకరివే. ఆడపడుచు పెన్ను మూత తీసింది, మళ్లీ పెట్టేసింది.

"దా వదినా, మాస్కు మిషను ఇంకా ఇక్కడే ఉంది. ముందు పసిదానికి మందు పట్టిద్దాం."