కదలని ముద్ద

మహిమకి మూత్రంలో రక్తం మొదటిసారి కనపడింది ఈస్టర్ వారంలో. కోల్డ్ స్టోరేజీలో పొద్దుటి నుంచి మిరపకాయల తొడిమలు తీసి అప్పుడే ఇంటికొచ్చింది. నొప్పి లేదు, మంట లేదు. గర్భసంచి తీయించుకుని పదకొండేళ్లయింది, ఇంకా ఈ రక్తం ఎక్కణ్ణుంచి వస్తోందని కాసేపు ఆలోచించి, తర్వాత పొయ్యి వెలిగించుకుంది. ఆలోచించడానికి ఓపిక లేదు.

నల్లపాడులో వాళ్ల వీధి చివర ఆర్‌ఎంపీ "వేడి చేసిందమ్మా, బార్లీ తాగు" అని మాత్రలిచ్చాడు. తగ్గింది. జూన్‌లో మళ్లీ వచ్చింది. ఈసారి దగ్గర్లో ఒకచోట స్కానింగ్ చేయించుకుంటే, వెళ్లగానే పడుకోబెట్టి రెండు నిమిషాల్లో అంతా నార్మల్ అని కాగితం చేతిలో పెట్టారు. ఆగస్టులో మూడోసారి గడ్డలు గడ్డలుగా పడింది. అప్పుడు చెప్పింది భర్తకి. ఏసోబు మిర్చి యార్డులో బస్తాలు మోస్తాడు. మర్నాడు పని మానుకుని ఆమెని గుంటూరు తీసుకెళ్లాడు.

స్కానింగ్ సెంటర్లో నర్సు పెద్ద సీసా ఇచ్చి, "మొత్తం తాగి ఆపుకోండమ్మా. మూత్రం సంచి నిండితేనే కనపడేది" అంది.

పనిలో ఉన్నంతసేపూ నీళ్లు ముట్టకుండా ఉండటం మహిమకి ముప్పై ఏళ్ల అలవాటు. కోల్డ్ స్టోరేజీలో ఆడవాళ్లు వెళ్లడానికి చోటు లేదు. ఇప్పుడు అన్ని నీళ్లూ ఒక్కసారిగా తాగేసింది. ముందు పద్నాలుగు మంది ఉన్నారు. పదకొండో పేరు పిలిచేసరికి ఇక ఆగలేక పరుగెత్తింది.

తిరిగొచ్చి కూర్చుంటే ఏసోబు మొహం ముడుచుకుపోయింది. "మళ్లీ మొదట్నుంచా?"

"నన్నేం చెయ్యమంటావయ్యా? ఆగలేదు."

ఏసోబు లేచెళ్లి సీసా నింపుకొచ్చాడు.

మధ్యాహ్నం మూడు దాటాక లోపలికి పిలిచారు. డాక్టర్ రహిమున్నీసా గారికి ఆ రోజు అది ముప్పై ఒకటో స్కాన్. మెడ నొప్పికి తల ఒక పక్కకి వంచి కూర్చుంది. పొట్ట మీద చల్లటి జెల్ రాస్తూ, "ఎప్పట్నుంచి రక్తం?" అంది.

"నాలుగు నెలలైందండి."

"ఇన్నాళ్లూ రాలేదేం?"

"నొప్పి లేదండి. నొప్పుంటే ఎప్పుడో వచ్చేదాన్ని."

డాక్టర్ చెయ్యి ఒకచోట ఆగింది. తెర మీద నీళ్లు నల్లగా ఉన్నాయి. ఆ నలుపులోకి గోడ నుంచి రేగుపండంత తెల్లటి ముద్ద పొడుచుకొచ్చి ఉంది.

"ఎడమ పక్కకి తిరగండమ్మా."

మహిమ తిరిగింది.

"ఇప్పుడు ఇటు."

"ఎందుకండీ ఇట్టా తిప్పుతున్నారు?"

"రక్తం గడ్డయితే మీరు తిరిగినప్పుడల్లా అదీ కిందికి జారుతుంది. ఇది జారట్లేదు." ఆవిడ ఏదో బటన్ నొక్కింది. ముద్దలో ఎర్రటి చుక్కలు మిణుకుమిణుకుమన్నాయి. "దీనికి రక్తం పారుతోంది. ఇది కంతి. క్యాన్సర్ కంతి కావొచ్చు, ఆపరేషన్ చేసి పరీక్షకి పంపితేగానీ తేలదు."

మహిమ పాత కాగితం తీసిచ్చింది. "అప్పుడు ఏమీ లేదన్నారండి."

"ఆరోజు నీళ్లు తాగించారా?"

"లేదండి."

డాక్టర్ కాగితం మడిచి వెనక్కిచ్చేసింది. "సంచి ఖాళీగా ఉంటే ముడతల్లో దాక్కుంటుందమ్మా" అని మాత్రం అంది.

మహిమకి కోపం రాలేదు. కోపానికి కూడా ఒంట్లో బలం ఉండాలి. "బాత్రూంకి వెళ్లొచ్చాండీ?" అని అడిగింది.

పది రోజుల తర్వాత పెద్దాసుపత్రిలో మూత్రం వచ్చే దారి గుండా గొట్టం పంపి కంతి తీశారు. క్యాన్సరేనని, పై పొర దాటి కండలోకి దిగలేదని పరీక్షలో తేలింది. సంచిలోకి మందు ఎక్కించడానికి ఆరు వారాలు వరసగా తిరిగారు. మందు ఎక్కించిన రాత్రుళ్లు ఆమెకి మంట, ఏసోబుకి జాగారం.

డిసెంబర్లో మళ్లీ కెమెరా పెట్టి చూశారు. "కొత్తగా ఏమీ లేదమ్మా. ఇది తిరిగొచ్చే రకం, మూడు నెలలకోసారి చూపించుకోవాలి" అన్నాడు పెద్దాసుపత్రి డాక్టరు.

"అయితే అయిపోలేదా బాబూ?"

"అయిపోలేదు. కానీ చెయ్యి దాటిపోలేదు."

బయట ఏసోబు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆమె చెప్పింది విన్నాడు. మెట్టు మీద కూలబడి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఇన్ని నెలల్లో అతను ఏడవడం అదే మొదలు. మహిమ కూడా పక్కన కూర్చుని, అతని భుజానికి భుజం ఆనించి, వచ్చేపోయే జనాన్ని చూస్తూ ఉండిపోయింది.

చాలాసేపటికి అతను మొహం తుడుచుకున్నాడు. "లేస్తావా?"

"ఇంకాస్సేపు కూర్చుందామయ్యా" అంది మహిమ.